డాబా మీద గంతేసిన మోకాళ్ళు

పోయిన వారం మనం పండుని స్టూలు మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. ఒక చేతిలో బల్బు, ఇంకో చేతిలో తుడిచే గుడ్డ, చూపు మాత్రం గోడ మీదున్న పెద్ద బొమ్మకి అతుక్కుపోయింది. గాజు తలుపు అవతల జనం పోగవుతున్నారు. కొత్త గ్యాలరీ తెరిచే వేళయింది. గ్యాలరీ యజమానురాలు స్టూలు దిగితే గదా తెరవడం!

మధ్యలో ఒక వారం చదవని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. పండు ఇన్సూరెన్స్ ఆఫీసులో నిక్షేపంలాంటి ఉద్యోగం వదిలేసింది. ఈ వీధిలో మూతపడ్డ గడియారాల షాపుని పట్టుకుని, తనూ పిన్నీ కలిసి గోడలకు తెల్లరంగు వేసుకుని, దానికి గ్యాలరీ అని పేరు పెట్టింది. ఇంట్లో వాళ్ళంతా నెత్తీ నోరూ బాదుకున్నారు. పిన్ని ఒక్కతే కొంగు బిగించి వెంట నడిచింది. అన్నీ కుదిరాయి గానీ అద్దె అగ్రిమెంటు మీద సంతకం మాత్రం ఇంకా పడలేదు. పైవాటాలో ఉండే ఓనరమ్మ ఒక మెలిక పెట్టింది. "బొమ్మల షాపంటే ఎలా ఉంటుందో నాకేం తెలుసు? తెరిచిన రోజు నేనే వచ్చి చూస్తా. నచ్చితే అక్కడికక్కడే సంతకం. నచ్చలేదా, మొబైల్ షాపాయన కాచుక్కూర్చున్నాడు" అంది. కాబట్టి ఈ సాయంత్రం ఓనరమ్మ మొహం మీద చిరునవ్వు ఉంటే గ్యాలరీ ఉంటుంది, లేకపోతే లేదు.

ఇక బొమ్మ సంగతి. అందులో ఉన్నది ఈ వీధే. ఎదురు మేడలో పైగది అద్దెకు తీసుకున్న స్కేలు మాస్టారు తన కిటికీ దగ్గర కూర్చుని, కనబడింది కనబడినట్టు గీశారు. కింద మూతపడ్డ గడియారాల షాపు, అంటే ఇప్పుడు పండు నిలబడ్డ గదే. దాని పైన ఓనరమ్మ వాటా. ఆ పైన డాబా. డాబా మీద ఆరేసిన దుప్పట్లు. ఆ దుప్పట్ల మధ్యన ఒక బట్టతల, ఒక తెల్లమీసం, ఒక పచ్చ స్వెట్టరు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక కాలు నేల మీద ఉంచి ఇంకో కాలు గాల్లోకి విసిరి, రెండు చేతులూ పైకెత్తి గెంతుతున్న పెద్దమనిషి. బల్బు వెలుగు పడేదాకా పండు ఆయన్ని సరిగ్గా చూడనే లేదు.

ఆయన ఓనరమ్మగారి భర్త. వీధంతా ఆయన్ని మోకాళ్ళ మామయ్య అంటుంది. మోకాళ్ళు వంగవు. మెట్లెక్కలేరు, దిగలేరు. బజారు సంచులు, మంచినీళ్ళ క్యాన్లు, కరెంటు బిల్లులు, అన్నీ ఓనరమ్మే మోస్తుంది. ఏ పెళ్ళికి పిలిచినా ఆయన రారు, ఏ చుట్టం వచ్చినా లేవరు. అగ్రిమెంటు మాట్లాడ్డానికి పైకెళ్ళినప్పుడు పండు స్వయంగా చూసింది, రెండు దిళ్ళ మీద ఆ మోకాళ్ళని పెట్టుకుని మూలుగుతున్నారు.

"పిన్నీ!" అంది పండు. "ఒకసారి ఇలా రా. డాబా మీద చూడు."

పిన్ని బట్టల షాపులో కౌంటరు దగ్గర నిలబడి రిటైరైన మనిషి. ఏ సరుకునైనా ముందు వేళ్ళతో నలిపి చూస్తుంది. కాన్వాసుని కూడా నలపబోయి, పండు కళ్ళెర్రజేస్తే మానుకుని, కళ్ళద్దాలు సర్దుకుంది. చూసింది. చెయ్యి నోటి మీద పెట్టుకుంది.

"ఓరి భగవంతుడా, ఇదేం ఎగురుడే! ఆవిడ చూసిందంటే మన బోర్డు వీధిలో ఉంటుంది."

"ఈ బొమ్మ దించేద్దామా?"

"గోడంత బొమ్మని ఇప్పుడెవరు దించుతారు? నువ్వూ నేనూనా? పోనీ కర్టెన్ వేద్దాం."

"బొమ్మలు చూపించడానికి షాపు పెట్టి బొమ్మకి కర్టెన్ వేస్తారా పిన్నీ?"

"మరి ఆయన్నే అడుగు. గీసింది ఆయనేగా, ఏదో ఒకటి చెప్పమను."

స్కేలు మాస్టారు మూలన కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్నుతో పాటు చిన్న స్టీలు స్కేలు. సర్వే ఆఫీసులో జీవితమంతా ప్లాన్లు గీసి దిగిపోయిన మనిషి. చేతులు ఖాళీగా ఉండలేక, ఆఖరికి కిటికీ ముందు కూర్చుని వీధిని గీయడం మొదలుపెట్టారు. ఇది ఆయన మొదటి ఎగ్జిబిషను.

పండు ఆయన ముందు దాదాపు మోకరిల్లింది. "మాస్టారూ, ఎవరైనా ఆ డాబా మీద మనిషి గురించి అడిగితే, ఊహించి గీశానని చెప్పండి. ఒక్కమాట. నా గ్యాలరీ మీ నోట్లో ఉంది."

మాస్టారి మొహం మాడిపోయింది. "ఊహా? నేనా?"

"ఆర్టిస్టులు ఊహిస్తారు కదండీ."

"వాళ్ళకి చూడ్డం చేతకాక ఊహిస్తారమ్మా. సర్వీసు మొత్తం మీద లేని కిటికీ ఒక్కటి పెట్టలేదు నేను. ఒకాయన తన ప్లాన్లో లేని మెట్లు గీసిపెట్టమని కాళ్ళావేళ్ళా పడ్డాడు. మా పై ఆఫీసరు కూడా గీయమన్నాడు. గీశానా? ట్రాన్స్‌ఫర్ అయిపోయాను గానీ గీయలేదు. ఇప్పుడు ఈ వయసులో ఊహిస్తాడన్న చెడ్డపేరు తెచ్చుకోమంటావా?"

"మా కోసం మాస్టారూ!"

"మీ కోసం కావాలంటే కుర్చీలు సర్దుతాను. జ్యూస్ పోస్తాను. అబద్ధం మాత్రం నాకు అలవాటు లేదు."

పండు తలపట్టుకుంది. ఈ మనిషిని ఏరికోరి తెచ్చుకున్నది తనే. ఆయన గీసిన ఇటుకలూ, ఆరేసిన చొక్కాలూ, సగం తెరిచిన కిటికీలూ చూసిన రోజున, ఇంత నిజం ఇంకెక్కడా చూడలేదని ఉద్యోగం మానేసింది కూడా తనే. ఆ నిజమే ఇవాళ కొంప ముంచేలా ఉంది. పిన్ని వెళ్ళి తలుపు తీసేసింది. అంతకంటే చేయగలిగిందీ లేదు.

జనం లోపలికి వచ్చారు. అసలు సిసలు బొమ్మలు చూసేవాళ్ళు ముగ్గురో నలుగురో. మిగతా అంతా వీధే. మొదట్లో అందరూ ఆస్పత్రికి వచ్చినట్టు మెల్లగా, చేతులు వెనక్కి కట్టుకుని నడిచారు. బొమ్మల్లో ఉన్నది తామేనని తెలిసిన క్షణం నుంచి ఆ మర్యాద గాలికి ఎగిరిపోయింది. ఎవరి కిటికీ వాళ్ళు వెతుక్కోవడం, ఎవరి గుమ్మం వాళ్ళు చూసుకోవడం. గ్యాలరీ కాస్తా పోలీస్ స్టేషన్ అయిపోయింది.

"ఇదిగో, ఇదిగో!" అని టైలరు ఒక చిన్న బొమ్మ ముందు కేకేశాడు. "నా మెట్టుకి అడ్డంగా స్కూటర్ పెట్టేది ఎవడా అని మొత్తుకుంటున్నానా, చూడండి, నంబరు ప్లేటుతో సహా గీశారు! మాస్టారూ, ఈ బండి ఎవరిదండీ?"

"నేను బండినే గీశానయ్యా, లైసెన్సు చూడలేదు" అన్నారు మాస్టారు.

పక్కనే నిలబడ్డ పళ్ళ డాక్టరుగారు జ్యూస్ గ్లాసులోకి తదేకంగా చూస్తూ పక్కగదిలోకి జారుకున్నారు.

పిన్ని తన పనిలో తాను పడిపోయింది. ఒక కాలేజీ అమ్మాయి ఒక బొమ్మ ముందు కాసేపు ఆగిందో లేదో, పిన్ని పక్కన ప్రత్యక్షమైంది. "కాస్త వెలుతుర్లోకి వచ్చి చూడమ్మా, రంగు బాగా తెలుస్తుంది. ఉతికినా పోదు. నీకు ఈ నీలం నప్పుతుంది గానీ, ముదురు రంగులో కూడా ఉంది, తీయమంటావా?" ఆ పిల్ల బొమ్మని భుజం మీద వేసుకుని చూసుకోవాలేమోనని కంగారుపడి దండం పెట్టి పోయింది.

అప్పుడొచ్చింది ఓనరమ్మ. చేతిలో ఎప్పుడూ వదలని గోధుమరంగు హ్యాండ్‌బ్యాగు, అందులోంచి తీసి చూపించిన సొంత పెన్ను. "సంతకం పెడితే నా పెన్నుతోనే పెడతా. ఊరి పెన్నులతో నేను పెట్టను" అంది గుమ్మంలోనే. ఆ తర్వాత బొమ్మలు వదిలేసి గోడలు చూడ్డం మొదలుపెట్టింది.

"ఎన్ని మేకులు కొట్టావే అమ్మాయ్?"

పండుకి ప్రాణం లేచొచ్చింది. మేకులు! ఇల్లు కట్టిన మనిషికి మేకుకన్నా మించిన ఆసక్తి ఏముంటుంది? "రండి అత్తయ్యగారూ, అన్నీ చూపిస్తాను" అని చెయ్యి పట్టుకుని పక్కగదిలోకి తీసుకెళ్ళింది. ప్రతి బొమ్మా పక్కకి జరిపి దాని వెనకాల మేకు చూపించింది. లేని మేకుల కథ కూడా చెప్పింది. ఓనరమ్మ ప్రతి మేకునీ గోటితో గీకి, సున్నం రాలుతుందేమో చూసి, "ఫరవాలేదు, గోడ పాడుచెయ్యలేదు" అంది. ఆవిడ పెదవి చివర ఒక చిన్న నవ్వు మొలిచింది. పండు ఆ నవ్వునే చూస్తూ, ఇక్కడే, ఈ గదిలోనే సంతకం అయిపోతే బాగుండునని మొక్కుకుంటోంది. అగ్రిమెంటు కాగితం కూడా మడత విప్పింది.

సరిగ్గా అప్పుడే పెద్ద గదిలోంచి ఒక గొంతు ఖంగుమంది. పేపర్లో బొమ్మల గురించి రాసే పెద్దమనిషి. వచ్చిన దగ్గర్నుంచి గడ్డం నిమురుకోవడం తప్ప ఏమీ మాట్లాడని ఆ మనిషికి, అందరూ వినేలా మాట్లాడ్డానికి ఈ క్షణమే దొరికింది.

"ఆహా! ఆ డాబా మీద గెంతుతున్న ముసలాయన్ని చూడండి! ఈ మొత్తం బొమ్మకి ప్రాణం ఆయనే! మనిషిలోని స్వేచ్ఛ!"

"ఏ డాబా?" అంది ఓనరమ్మ. "మన వరసలో డాబా మాదొక్కటేగా?"

పండుకి పై ప్రాణాలు పైనే పోయాయి. "అత్తయ్యగారూ, ఇక్కడ ఇంకో మేకు..." అంటుండగానే ఆవిడ బ్యాగులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని పెద్ద గదిలోకి నడిచింది. జనం తప్పుకుని దారి ఇచ్చారు. చూసిన వాళ్ళందరికీ అప్పటికే తెలిసిపోయింది. టైలరు పైకప్పు చూస్తున్నాడు. మందుల షాపాయన తన బూట్లు చూసుకుంటున్నాడు. ఓనరమ్మ మాత్రం బొమ్మ చూసింది.

చాలాసేపు చూసింది.

"ఈ స్వెట్టరు నేనల్లిందే" అంది మెల్లగా. "మోచేతి దగ్గర ఒక వరస తప్పింది. తర్వాత చూసుకుని నాలిక్కరుచుకున్నా. ఆ తప్పు కూడా అలాగే ఉంది."

ఆవిడ వెనక్కి తిరిగి మూలన ఉన్న మాస్టారిని చూసింది. మాస్టారు లేచి నిలబడ్డారు. పిన్ని ఆవిడ వెనక నుంచి రెండు చేతులూ ఊపుతూ, ఊహ అనండి, ఊహ అనండి అని నోరు కదుపుతోంది.

"మాస్టారూ, ఇది మీరు ఊహించి గీశారా?"

"లేదమ్మా. ఉన్నదే గీశాను."

"ఒకరోజు చూశారా?"

"చాలా రోజులు చూశానమ్మా. మీరు ఉదయం సంచీ పట్టుకుని వీధి మలుపు తిరగ్గానే ఆయన పైకొస్తారు. నేను కాఫీ కలుపుకుని కూర్చుంటాను."

ఓనరమ్మ కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపింది. పండు గబగబా కుర్చీ తెచ్చి వేసింది. ఆవిడ కూర్చుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. "రోజూ పడుకునే ముందు ఆ మోకాళ్ళకి ఆయింట్‌మెంట్ రాస్తాను నేను" అంది, ఎవరితోనూ కాదు, తనతో తానే. "నా నడుం నొప్పెడుతున్నా రాస్తాను. నీళ్ళ క్యాను ఎత్తేటప్పుడు ఆయన అయ్యో అంటారు. ఆ అయ్యో కోసం మొయ్యొచ్చులే అనుకునేదాన్ని."

ఇందాకటి దాకా ఈవిడ పండుకి ఒక సంతకం మాత్రమే. ఇప్పుడు మనిషి కనబడింది, ఎంత మోసం జరిగిందో కనబడింది. ఆ మోసాన్ని కప్పిపెట్టమని మాస్టారి కాళ్ళు పట్టుకోబోయినందుకు పండుకి నిజంగా సిగ్గేసింది.

"మాస్టారూ," అంది ఓనరమ్మ మళ్ళీ, "నాకు కళ్ళు మసకేస్తున్నాయి. ఆయన నవ్వుతున్నారా?"

మాస్టారు బొమ్మ దగ్గరికి వెళ్ళి చూసి మరీ చెప్పారు. "నవ్వుతున్నారమ్మా. నోరారా నవ్వుతున్నారు."

"మీరు లేనిది గీయరుగా?"

"గీయనమ్మా."

"పెళ్ళయిన కొత్తలో అలాగే నవ్వేవాడు. ఇప్పుడు ఇంట్లో మూలుగుడు తప్ప నవ్వుడు లేదు. పోయిందేమో అనుకున్నా. ఉందన్నమాట" అని ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. అద్దాలతో పాటు ఇంకేదో కూడా తుడుచుకుంది. ఆ తర్వాత నిటారుగా కూర్చుని, పెన్ను మూత తీసింది.

"కాగితం ఇలా తే. అందరూ నాకు అబద్ధాలే చెప్పారు. మొగుడు చెప్పాడు, ఆ మోకాళ్ళు చూసిన డాక్టరూ చెప్పాడు. నిజం చెప్పింది ఈ బొమ్మ ఒక్కటే. ఇలాంటి షాపు నా ఇంట్లో ఉండాలి. ఉండి తీరాలి!"

వీధంతా ఊపిరి పీల్చుకుంది. పండు కాగితం చాపింది. ఓనరమ్మ కాగితాన్ని హ్యాండ్‌బ్యాగు మీద పరుచుకుని, పెన్ను ఆనించింది. మొదటి అక్షరం కొమ్ము తిరుగుతోంది. ఇక ఈ కథ సుఖాంతమై, మీరూ నేనూ ఎవరి పని వాళ్ళం చూసుకోవాల్సిందే.

అయితే అక్కడ పిన్ని ఉంది. బట్టల షాపులో పనిచేసిన మనిషి ముందు మీరు ఒక సరుకుని అంతసేపు చూసి, కళ్ళు తుడుచుకుని, బాగుందంటే ఏమవుతుంది? ఆలోచించి అన్నది కాదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"మీకంత నచ్చితే దీనికి జత కూడా ఉందమ్మా లోపల, తెమ్మంటారా?"

పండు గిరుక్కున తిరిగింది. నిజమే, ఈ బొమ్మ రెండు ముక్కలు. గోడ చాలక కుడివైపు ముక్కని వెనక గదిలో గోడకి తిప్పి పెట్టారు. దాన్ని పండు హడావిడిలో పైపైన చూసిందే తప్ప, ఈ పెద్ద బొమ్మకి బల్బు పెట్టినట్టు దానికి బల్బు పెట్టి చూడలేదు.

"అవునమ్మా," అన్నారు మాస్టారు, ఒక మనిషికి తన బొమ్మ ఇంత నచ్చినందుకు మొహం వెలిగిపోతూ. "అదే రోజు, అదే ఉదయం. మీ ఇంటి దగ్గర్నుంచి ఆ చివర బేకరీ దాకా."

"బేకరీ దాకానా?" అంది ఓనరమ్మ. పెన్ను కాగితం మీద ఆగింది. "వద్దులెండి. ఒకటి చూశాను చాలు."

కానీ టైలరూ మందుల షాపాయనా అప్పటికే లోపలికి పరిగెత్తారు. ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని, తలుపుకి తగలకుండా అడ్డంగా తిప్పి, రెండో ముక్కని తెచ్చి మొదటిదాని పక్కన నిలబెట్టారు. వీధి కలిసిపోయింది. టైలరు షాపు, మందుల షాపు, వీధి మలుపు, మలుపులో బేకరీ. బేకరీ కిటికీ పక్కన బల్ల. బల్ల ముందు ఒకావిడ. చెప్పులు విప్పేసి, కాళ్ళు రెండూ ఎదురు కుర్చీ మీద చాపి, ఒక చేతిలో సినిమా పత్రిక, ఇంకో చేతిలో పెద్ద కేకు ముక్క, బుగ్గలు రెండూ నిండి, కళ్ళు హాయిగా సగం మూసుకుని ఉంది. కాళ్ళ దగ్గర ఖాళీ సంచీ. బల్ల మీద గోధుమరంగు హ్యాండ్‌బ్యాగు.

గదిలో అందరి తలలూ ఒక్కసారి బొమ్మలో బ్యాగు మీదికి, అక్కడి నుంచి ఓనరమ్మ ఒళ్ళో బ్యాగు మీదికి తిరిగాయి.

"అది నేను కాదు" అంది ఓనరమ్మ.

"ఆ బ్యాగు..." అన్నాడు టైలరు.

"బజార్లో బోలెడు బ్యాగులు! నేను ఉదయం పూట మందుల షాపులో క్యూలో నిలబడి ఉంటాను. ఆయింట్‌మెంట్ కోసం. ఆయన్నే అడగండి."

మందుల షాపాయన నీళ్ళు నమిలాడు. మంచివాడే, సమయానికి మాట మాత్రం రాదు. "మా షాపులో... క్యూ ఎప్పుడుందమ్మా? ఈగలు తోలుకుంటున్నాను."

ఓనరమ్మ మొహం కందగడ్డ అయింది. పెన్ను కాగితం మీది నుంచి లేచింది. మాస్టారిని దగ్గరికి రమ్మని సైగ చేసి, గొంతు బాగా తగ్గించి, "మాస్టారూ, ఆ మొదటిది చూసి గీశారు, ఒప్పుకుంటా. ఇది మాత్రం మీరు ఊహించిందే కదూ?" అంది.

మాస్టారు నోరు తెరిచేలోగా మెట్ల మీద కర్ర చప్పుడైంది. వెనకే ఒక దీర్ఘమైన మూలుగు. మళ్ళీ కర్ర. గుమ్మంలో పచ్చ స్వెట్టరు ప్రత్యక్షమైంది.

"ఏమిటీ గోల?" అన్నారు మోకాళ్ళ మామయ్య, తలుపుని ఆసరాగా పట్టుకుని. "మా ఆవిడ గొంతు పైదాకా వినబడింది. ఏదైనా ప్రమాదమేమోనని చచ్చీచెడీ దిగొచ్చాను. అబ్బా, ఈ కుడి మోకాలు..."

ఆ కుడి మోకాలు ఎదురుగా గోడ మీద గాల్లో ఉంది. మామయ్య దాన్ని చూశారు. నోట్లో మూలుగు నోట్లోనే ఆగిపోయింది. కాసేపు గోడ మీది మోకాలు, గుమ్మంలో మోకాలు ఒకదాన్నొకటి చూసుకున్నాయి. తర్వాత ఆయన చూపు మెల్లగా కుడివైపుకి జరిగింది, బేకరీ మీద ఆగింది.

"క్యూ అన్నావు" అన్నారు భార్యతో.

"వంగవన్నారు" అంది ఆవిడ.

"నాకు డాక్టరు తీపి మాన్పించాడని నువ్వూ మానేశానన్నావు. నీ త్యాగం తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను."

"మీ మోకాళ్ళు తలుచుకుని నేనూ పెట్టుకున్నాను."

ఒకే గోడ దూకుతూ ఎదురుపడ్డ ఇద్దరు దొంగల్లా వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. కోపంతో అరవాలంటే ఇద్దరికీ హక్కు లేదు. నవ్వాలంటే చుట్టూ వీధంతా ఉంది. ముందు ఓనరమ్మ తేరుకుంది. లేచి వెళ్ళి భర్త పక్కన నిలబడింది. ఆయన కర్రని ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని ఆవిడకి చోటిచ్చారు.

"ఇదిగో అమ్మాయ్," అంది ఓనరమ్మ. "ఈ రెండు బొమ్మలూ అబద్ధం."

"శుద్ధ అబద్ధం" అన్నారు మామయ్య.

ఆ దంపతులు ఒక్క మాట మీద నిలబడి ఎన్నేళ్ళయిందో వాళ్ళకే తెలియదు.

"ఆ మాస్టారు ఎలాగూ చెప్పరు. గ్యాలరీ నీది, నువ్వు చెప్పు. ఇవన్నీ ఊహించి గీసినవని ఇంతమంది ముందూ ఒక్క మాట అను. ఇప్పుడే, ఇక్కడే సంతకం పెడతా. లేదా, రేపు పొద్దున మొబైల్ షాపాయన బోర్డు కొలతలు తీసుకోవడానికొస్తాడు."

పిన్ని పండు చెవిలో గుసగుసలాడింది. "చెప్పేసెయ్యవే తల్లీ. ఒక్కమాటేగా. నోరేం అరిగిపోదు."

నిజంగా ఒక్కమాటే. ఇందాక మాస్టారిని బతిమాలుకున్న మాటే. పండు మాస్టారి వంక చూసింది. ఆయన తలెత్తడం లేదు. జేబులో స్కేలుని తీస్తున్నారు, మళ్ళీ పెడుతున్నారు. ఈ మనిషి ఊహించి గీశాడని తన నోటితో తాను అంటే, ఆయన బొమ్మలు దించనక్కర్లేదు, గోడ మీదే చచ్చిపోతాయి. మిగిలేది నాలుగు తెల్లగోడలు, వాటి మీద లెక్కపెట్టిన మేకులు. వాటి కోసమా ఉద్యోగం వదిలింది? భయం వేసింది. ఇంటికి తిరిగెళితే అమ్మ చూసే చూపు గుర్తొచ్చి ఇంకా భయం వేసింది. అయినా మాట వచ్చేసింది.

"మాస్టారు లేనిది గీయరండీ. ఇవి రెండూ నిజాలే. నా గ్యాలరీలో ఇవే ఉంటాయి."

పిన్ని కళ్ళు మూసుకుంది. మాస్టారు తలెత్తారు. ఓనరమ్మ పెన్నుకి మూత బిగించి, బ్యాగులో పడేసి, జిప్పు లాగింది. అగ్రిమెంటు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుంది. తర్వాత తలుపు దగ్గరికి నడిచింది. వెళ్ళిపోతోందనుకుని పండు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ వెళ్ళలేదు. గాజు తలుపు లోపలి నుంచి గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"సరే, నిజమే అనుకుందాం" అంది, గదినంతా కలయజూస్తూ. "నిజమైతే అందరిదీ నిజం కావాలి. నా కేకూ, ఆయన గంతూ మాత్రమే గోడకెక్కితే ఎలా? ఈ వీధిలో ఇంకెవరూ లేరా? వీళ్ళందరి నిజాలూ చూశాకే నా సంతకం. మాస్టారూ, మీ గదిలో ఇంకా బొమ్మలున్నాయా?"

అందరి చేతుల్లో జ్యూస్ గ్లాసులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. టైలరు నవ్వు మొహం మీదే ఎండిపోయింది. పేపరాయన కూడా గడ్డం నిమరడం మానేశాడు. ఆయన ఉండేది వెనక సందులోనే. పక్కగదిలోంచి పళ్ళ డాక్టరుగారు వెనక తలుపు గడియ తీయడానికి పడుతున్న తిప్పలు స్పష్టంగా వినబడుతున్నాయి.

ఇంతమంది ఇంత ఆత్రంగా తన బొమ్మల గురించి ఎదురుచూడ్డం స్కేలు మాస్టారి జీవితంలో ఇదే మొదలు. ఆయన సంబరంగా లేచి, చొక్కా సర్దుకున్నారు.

"గదినిండా ఉన్నాయమ్మా! ఏవి ముందు తెమ్మంటారు, ఎండాకాలంవా, వానాకాలంవా?"